ఎన్ని నీళ్ళు కడిగావు

ఏడు రకాల మాంసం పడాలంటారు ఇందులో.
పొగబెట్టింది, ఉప్పులో ఊరింది,
సాసేజీలే మూడు తీరులు, ఇంకా ఏవో.
నా దగ్గర ఉన్నది పంది భుజం ముక్క ఒకటి,
ఆరు బంగాళాదుంపలు,
ఆకుపచ్చ ప్లాస్టిక్ సంచిలో
కిలో పులిసిన క్యాబేజీ, సూపర్ మార్కెట్‌ది.
జాడీ లేదు.
జాడీ సలొమే పట్టుకెళ్ళింది.

అమ్మ ఇల్లు అమ్మిన రోజు
ద్రాక్షతోట దగ్గర మాటామాటా రాలేదు మాకు,
వెండి చెంచాల దగ్గరా రాలేదు.
మోకాలెత్తు మట్టిజాడీ,
అందులో క్యాబేజీ ఊట పైకి తేలకుండా బరువుకు పెట్టే
నున్నటి ఏటిరాయి
సరిగ్గా అక్కడ తెగింది.
జాడీ అక్కకి. రాయి నాకు.
నాలుగేళ్ళుగా ఆ రాయి
వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంటోంది.

"మంగళవారం సవెర్న్‌లో కంటి డాక్టరు. అటునుంచి వస్తా."
ఫోన్లో అంతే. ఎందుకని నేనడగలేదు.

బాతు కొవ్వులో ఉల్లిపాయ మగ్గింది.
జూనిపర్ గింజలు అయిదు,
రీస్లింగ్ ఒక గ్లాసు కుండకి, ఒకటి నాకు.
క్యాబేజీని మూడు నీళ్ళు కడగాలనేది పిన్ని.
కడిగితే ఇక తినడం దేనికి, అనేది నాయనమ్మ.
ముప్పై ఒక్కేళ్ళు కాలువ మీద తూము తలుపులు తిప్పినవాణ్ణి,
ఏ పడవకి ఎంత నీరు వదలాలో
చేతికి తెలుసు.
ఒక్క నీరు కడిగి పిండేశాను.
ఇప్పుడు తూములు వాటంతటవే తెరుచుకుంటున్నాయి,
పడవవాడు మీట నొక్కితే చాలు.
వంట మాత్రం సులువు చేసుకోకూడదా?
మాంసం, క్యాబేజీ, దుంపలు,
అన్నీ ఒకే కుండలో, ఒకేసారి.
మూతపెట్టి కూచున్నాను.

వచ్చింది. గుమ్మంలో రాయి తగిలి తూలింది.
కంట్లో మందు చుక్కలు, నల్లగుడ్లు ఇంతింతై ఉన్నాయి.
వంగి, చేత్తో తడిమింది రాయిని.
ఏమీ అనలేదు.
నేనూ నీళ్ళు నమిలాను.

గంటన్నరకి మాంసం ఎముకని వదిలేసింది.
దుంపలో కత్తి దిగలేదు.
ఇంకో పావుగంట. దిగలేదు.
"పులుపులో దుంప ఉడకదురా, అలోయిస్."
నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట.
"వేరే ఉడికించి చివర్లో పెట్టాలి. అమ్మ అలాగే చేసేది."
"చెప్పొచ్చుగా ముందే."
"కనిపిస్తేగా నాకు!"

ఇక చేసేదేముంది,
దుంపల్ని తీసి మంచినీళ్ళలో వేసి
ఇద్దరం ఎదురుచూశాం.
బయట కాలువ మీద చీకటి పడింది.
కొడుకు విడాకుల సంగతి చెప్పింది.
నా మోకాలి సంగతి నేను చెప్పాను.
ఆ దుంపలు మొదటే ఉడికుంటే
తిని, ఏడింటి బస్సుకి వెళ్ళిపోయేదేమో.

"జాడీ పగిలింది," అంది
ఆవిరి వైపు చూస్తూ.
"మొదటి చలికాలమే. రాయి లేక ఇనప తూకంబాటు పెట్టాను.
అడుగు చీలింది. ఊటంతా గచ్చు మీద."
"మరి ఇన్నాళ్ళూ?"
"ఆకుపచ్చ సంచి," అంది. "నీదీ అదేగా. వాసనకే తెలిసింది."

నవ్వామని చెప్పను. ఆమె ఆవాల ముద్ద అడిగింది, ఇచ్చాను.
ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది.
"ఎన్ని నీళ్ళు కడిగావు?"
"ఒకటి."
"చాల్లేదు. పుల్లగా ఉంది," అని
పళ్ళెం మళ్ళీ ముందుకి తోసింది.

చివరి బస్సుకి బయల్దేరుతుంటే
రాయిని గుడ్డలో చుట్టి ఆమె సంచిలో పెట్టాను.
జాడీ లేదు కదరా, అంది.
రాయి ఉందిగా, అన్నాను.

రాత్రంతా తలుపు కొట్టుకుంటూనే ఉంది.
లేచి వెయ్యలేదు.
పొద్దున మిగిలిన రెండు దుంపలు వేయించుకుని తిన్నాను.